పితూరీ: ఒకే మాట, మూడు వాడకాలు

ఈ రోజు ఒకే ఒక్క మాట గురించి మాట్లాడతాను. ఆ మాట 'పితూరీ'. పాత రాతల్లో 'ఫితూరీ' అని కూడా కనిపిస్తుంది. ఉర్దూలో 'ఫుతూర్' అంటే లోపం, గడబిడ, తగాదా. అట్నుంచే మనకు వచ్చింది.

పాత పత్రికలు, సర్కారు రిపోర్టులు ముందేసుకుని చూడండి. మొదటి వాడకం తిరుగుబాటు. 1879లో రంపలో లేచింది రంపా ఫితూరీ. 1886లో గూడెంలో లేస్తే అదీ ఫితూరీయే. 1922-24లో అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, గాం మల్లు దొర నడిపింది మన్యం పితూరీ. అందులో చేరినవాళ్లు 'ఫితూరీదార్లు'.

రెండో వాడకం ఇంకా చెడ్డది. అదే వార్తలో, అదే మనుషుల్ని ఒకచోట ఫితూరీదార్లంటారు, ఇంకోచోట దోపిడీ దొంగలంటారు. రెండింటికీ తేడా ఉందని రాసేవాడికి అనిపించదు.

మూడోది మనందరికీ తెలిసిందే. చాడీ. "వాడు నామీద సారుకి పితూరీ చెప్పాడు" అంటాం. ఫలానా నాయకుడు ఢిల్లీకి వెళ్లి పితూరీలు మోశాడని ఇప్పటి పత్రికలూ రాస్తాయి. తుపాకులు ఎదుర్కొన్న పోరాటానికీ, చెవిలో ఊదే మాటకీ ఒకే పేరు! ఎందుకిలా?

ఎందుకంటే ఈ మాట కుర్చీలో కూర్చున్నవాడి వైపు నుంచి పుట్టింది. వాడికి తిరుగుబాటైనా, ఫిర్యాదైనా ఒకటే: తన నిద్ర చెడగొట్టే గోల. గోల ఎవరు చేశారో ఈ మాట చెబుతుంది. ఎందుకు చేశారో చెప్పదు.

ఆ 'ఎందుకు' మనం చెప్పాలి. 1879కి ముందు ఏం జరిగింది? కొండ జనం తాగడానికి గీసుకునే కల్లుని సర్కారు కాంట్రాక్టర్లకి అప్పజెప్పింది. పైనుంచి మన్సబుదారు చిగురుపన్ను వేశాడు. అప్పులిచ్చిన షావుకార్లు కోర్టు కాగితాలు చూపించి పశువుల్నీ, పంటనీ పట్టుకుపోయారు. అప్పుడు కారం తమ్మన్న దొర, ద్వారబంధాల చంద్రయ్య, అమ్మల్ రెడ్డి లాంటివాళ్లు లేచారు. వాళ్లని ఫితూరీదార్లన్న సర్కారే చివరికి ఆ మన్సబుదారుని తీసేసింది. అంటే తప్పెక్కడుందో దానికి తెలుసు. అయినా పేరు మాత్రం మారలేదు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు. వార్త ఇక్కడ్నించి మొదలవుతుంది. కానీ కథ అంతకు ముందే మొదలైంది. అడవిలో పోడు కొట్టొద్దన్నారు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి వేసే రోడ్డు పనిలో తహసీల్దారు బాస్టియన్ చాలీచాలని కూలితో జనాన్ని పీల్చాడు. ఇవన్నీ వదిలేసి చదివితే స్టేషన్ మీద పడ్డవాళ్లే కనిపిస్తారు.

అందుకే పాత వార్త ఏది దొరికినా మూడు ప్రశ్నలు వెయ్యండి. ఈ మాట ఎవరు అంటున్నారు? ఎవర్ని అంటున్నారు? దీనికి ముందు ఏడాది అక్కడ ఏం జరిగింది?

ఇది చరిత్ర పాఠం ఒక్కటే కాదు. ఇవాళ 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా అడిగినా, 1970 నాటి 1/70 కింద మన భూమి మనకి ఇప్పించమన్నా, ఆఫీసుల్లో "మళ్లీ పితూరీ తెచ్చారా" అనేవాళ్లుంటారు. అప్పుడు కోపం వద్దు. అర్జీ మీద తేదీ వెయ్యండి. సర్వే నంబరు, గ్రామసభ తీర్మానం రాయండి. ఏం పోయిందో, ఎవరు తీసుకున్నారో స్పష్టంగా రాయండి. నకలు దగ్గరుంచుకుని రసీదు అడిగి తీసుకోండి.

ముందు తరాల వాళ్ల మీద వాళ్లు రాసిన కాగితమే మిగిలింది. ఈసారి మన కాగితం కూడా మిగలాలి.