సేనయా? సఖుడా?

భారతంలోని ఉద్యోగపర్వ కథ మనకందరకూ సుపరిచితమే. యుద్ధం తప్పదని తేలిన పిమ్మట దుర్యోధనుడూ, అర్జునుడూ సహాయం కోరి ద్వారకకు వెళ్ళారు. శ్రీకృష్ణుడు ఒకవైపు తన మహాసేనను ఉంచి, మరొకవైపు ఆయుధం పట్టని తాను నిలిచాడు. అర్జునుడు సఖుణ్ణి కోరుకొన్నాడు. దుర్యోధనుడు సేన దక్కినందుకు సంతోషించి వెళ్ళిపోయాడు. మిత్రుల ఎన్నికలో మనం పొరబడే చోటు సరిగా ఇదే. మనిషి ఎటువంటివాడని చూడము. అతనివెంట వచ్చేది ఏమిటని చూస్తాము.

ఈ ఘట్టాన్ని తెలుగునాట ఊరూరా రంగస్థలం ఎక్కించినవి తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలు. ఆ నాటకాలు వ్రాసిన ఇద్దరూ స్వయంగా ఒక ఉత్తమ స్నేహానికి నిదర్శనం కావడం విశేషం. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు తాడేపల్లిగూడెం చెంత ఉన్న కడియద్ద గ్రామంలో చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి శిష్యులు. ఒకే గురువు, ఒకే విద్య, ఇంచుమించు ఒకే వయస్సు. ఈర్ష్య పుట్టడానికి ఇంతకు మించిన అనుకూలత ఏమున్నది? కాని ఆ ఇద్దరూ ఒకరి ప్రతిభకు మరొకరు తోడై, జంటగా అవధానాలు చేశారు. జంటగా గ్రంథాలు వ్రాశారు. 1920లో తిరుపతిశాస్త్రిగారు గతించారు. వేంకటశాస్త్రిగారు 1950 వరకు జీవించారు. మిత్రుడు పోయిన తరువాత కూడ ఆయన జంట పేరుతోనే రచనలు సాగించారు. కీర్తిలో సగం పంచుకోవడానికి ఎదుట ఎవరూ లేనప్పుడు కూడ ఆ సగాన్ని మిత్రునికే ఉంచినవాని స్నేహాన్ని శంకించగలమా?

అంతటివారి సంగతి అలా ఉంచి, నావంటి సామాన్యుని అనుభవం ఒకటి మనవి చేస్తాను. చదువు ముగించి ఏలూరులో ఉన్న రోజులవి. నాకు ఇద్దరు సహాధ్యాయులు ఉండేవారు. ఒకడు ఏలూరువాడు, రెండవవాడు తాడేపల్లిగూడెంవాడు. 2005లో ఏలూరు మిత్రుడు కొల్లేటిలో ఒక చేపల చెరువులో వాటా ఉన్నదని, రెండు పంటలలో పెట్టుబడి తిరిగివస్తుందని చెప్పాడు. నా తెలివితేటలను పదిమందిలో మెచ్చుకొనేవాడు. మా చెల్లెలి పెండ్లికని నాయనగారు దాచి, నా పేర ఉంచిన సొమ్ము నా చేతిలో ఉన్నది.

గూడెం మిత్రుడు ఈ సంగతి విని ఒక సాయంకాలం నన్ను కాలువగట్టు వెంట తీసుకొనిపోయి, ఎవరూ లేనిచోట నిలబెట్టి, "ఒరేయ్, ఐదో కాంటూరు లోపలంతా 1999లోనే అభయారణ్యమని ప్రకటించారు. అక్కడ చెరువులు ఉండనివ్వరు. ఆ డబ్బు నీది కాదు, చెల్లెమ్మది" అన్నాడు. నాకు కోపం వచ్చినది. నా వృద్ధి చూడలేక అంటున్నాడని తలచాను. ఆనాటినుండి అతనితో మాటలు మానివేశాను.

2006లో సుప్రీంకోర్టు ఆదేశాలపై ప్రభుత్వం కొల్లేటి అభయారణ్యంలోని చెరువులను తొలగించినది. మా చెరువు గట్లు కూడ తెగినవి. వాటా ఇప్పించిన మిత్రుడు పవరుపేటలో నన్ను చూచి వేరొక వీధికి తిరిగిపోయాడు. నాయనగారి ఎదుటికి ఏ ముఖంతో వెళ్ళడమా అని నేను మూడు రోజులు ఇల్లు చేరక తిరుగుతూ ఉండగా, గూడెం మిత్రుడు బస్సు దిగివచ్చాడు. 'నేను ముందే చెప్పానుగదా' అన్న మాట అతని నోట రాలేదు. "పద, బాబాయిగారికి చెప్పేటప్పుడు నేనూ పక్కనే ఉంటాను" అన్నాడు. ఉన్నాడు. నాయనగారు అన్న మాటలన్నీ నాతోపాటు తలవంచుకొని విన్నాడు.

రెండవవానిని నేను మోసగాడు అనను. అతని సొమ్ము కూడ పోయినది. అతనికి కావలసినది వాటాదారు. నాకు కావలసినది చెరువు. దానికి మేమిద్దరమూ స్నేహమని పేరు పెట్టుకొన్నాము. కపట మిత్రుణ్ణి వెదకబోతే, ఆ కపటంలో సగం నా వాటాకు కూడ వచ్చినది.

ఇక మిత్రుణ్ణి గుర్తించడం ఎట్లా? మెచ్చుకోలు పదిమందిలోను, మందలింపు ఏకాంతంలోను చేసేవారిలో సన్మిత్రులూ ఉంటారు, లౌక్యులూ ఉంటారు. కాని నలుగురిలో మందలించి, దానిని నిష్కాపట్యమని చెప్పుకొనేవాడు మాత్రం మన మేలుకంటె తన మాటకే మురిసేవాడు. అప్పు అడిగితే లేదన్నవాడు అంతమాత్రాన శత్రువు కాడు. ఇచ్చినవాడు అంతమాత్రాన ఆప్తుడూ కాడు. మనకు రుచించని మాట చెబితే మన స్నేహమే పోవచ్చునని తెలిసికూడ చెప్పినవాడు, పోయిన తరువాత మనకొరకు తిరిగివచ్చినవాడు — అతడు మిత్రుడు.

అటువంటివాడు దొరకడం అదృష్టమే. కాని ద్వారకలో అర్జునుడు నిద్రిస్తున్న సఖుని పాదాలచెంత నిలిచాడు. దుర్యోధనుడు తలవైపున ఉన్నతాసనం వెదకుకొన్నాడు. ఏమి కోరుకొంటారో అడుగకముందే, ఎవరు ఎటువంటి మిత్రులో వారి చోటే చెప్పినది. మన మిత్రులను పరీక్షించేముందు, వారివద్ద మనం ఎక్కడ కూర్చుంటున్నామో ఒకసారి చూచుకోవడం మంచిది.