ఊరిని శుభ్రం చేసే రాబందు



పేదల సొమ్ము దోచుకునే వాడిని చూసి “రాబందులా పీక్కు తింటున్నాడు” అంటాం. రాబందు ఇంటి మీద వాలితే అరిష్టం అనేవాళ్లూ ఉన్నారు. పాపం, రాబందు ఎవరినీ దోచుకోదు. కోడిపిల్లను తన్నుకుపోయేది గద్ద. రాబందు తినేది చచ్చిన పశువును.

ఒకప్పుడు గొడ్డు చస్తే ఊరి బయట పడేసేవాళ్లు. పైన తిరిగే రాబందులు చూసి గుంపుగా దిగేవి. కాసేపట్లో ఎముకలే మిగిలేవి. కంపు లేదు, ఈగలు లేవు. దొమ్మ రోగంతో చచ్చిన గొడ్డును తిన్నా వాటికేమీ అయ్యేది కాదు. వాటి కడుపులో ఊరే రసం అంత ఘాటైనది. రోగక్రిములు అందులో చాలావరకు చచ్చిపోతాయి.

మరి ఇప్పుడు ఆ రాబందులు ఏవీ?

మన దేశంలో 1992లో వెయ్యి తెల్లవీపు రాబందులు ఉన్నాయనుకోండి. 2007 నాటికి అందులో ఒక్కటే మిగిలింది! ఎవరు చంపారు? వేటగాళ్లు కాదు. ఒక మందు చంపింది. దాని పేరు డైక్లోఫెనాక్. పశువుకు నొప్పి, వాపు తగ్గడానికి వేసే సూదిమందు అది. శాస్త్రవేత్తలు 2004లో ఈ సంగతి బయటపెట్టారు.

సూది వేసిన కొద్ది రోజుల్లో పశువు చస్తే, మందు దాని మాంసంలోనే ఉంటుంది. ఆ మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోతాయి. కొద్ది రోజుల్లో అది చస్తుంది. ఒక్క గొడ్డు మీద వాలేది గుంపంతా కదా! పైగా రాబందు ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డే. పోయినంత వేగంగా పుట్టవు.

రాబందులు లేకపోతే కళేబరాల దగ్గరికి కుక్కలు చేరతాయి. కుక్కలు పెరిగితే కుక్కకాట్లూ పెరుగుతాయి. పిచ్చికుక్క కరిస్తే ప్రాణానికే ముప్పు.

ప్రభుత్వం 2006లో పశువులకు డైక్లోఫెనాక్ వాడకూడదని చెప్పింది. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులనూ ఆపింది. 2024 చివర నిమెసులైడ్‌నూ ఆపింది. కానీ మనుషులకు వాడే డైక్లోఫెనాక్ దుకాణాల్లో దొరుకుతుంది. దాన్ని గొడ్డుకు వేయించకూడదు.

అలాగని గేదె నొప్పితో మూలుగుతుంటే ఊరుకోమని కాదు. మెలోక్సికామ్ అనే మందు ఉంది. అది పశువు నొప్పి తగ్గిస్తుంది, రాబందుకు హాని చెయ్యదు.

రాబందులు పూర్తిగా పోలేదు. తెలంగాణలోని బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట మీద, 2013లో పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టుకుని కనిపించాయి. మిగిలినవాటిని కాపాడుకోవచ్చు.

కుడితి పెట్టేది, పాలు పితికేది, గొడ్డు మేత మానేస్తే ముందుగా కనిపెట్టేది ఆడవాళ్లే. అందుకే ఈ పని మీ చేతిలో ఉంది. పశువుల డాక్టరు వస్తే “ఏం మందు వేస్తున్నారయ్యా? మెలోక్సికామ్ వేయండి” అని అడగండి. సీసా మీద పేరు ఇంగ్లీషులో ఉంటే బడికెళ్లే పిల్లల చేత చదివించండి. ఎందుకు చదవమన్నారో వాళ్లకూ చెప్పండి. సూది వేయించిన పశువు చచ్చిపోతే లోతుగా గొయ్యి తీసి పూడ్చండి.

మీరిప్పుడు అక్షరాలు నేర్చారు. ఈ పేర్లు పెద్ద అక్షరాలతో రాసి పశువుల పాకలో అంటించండి:

వేయించవలసింది: మెలోక్సికామ్.

వద్దు: డైక్లోఫెనాక్, కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్.

సీతమ్మ కోసం ప్రాణమిచ్చిన జటాయువు కథ మనందరికీ తెలుసు. ఆ జటాయువు జాతిని నిలబెట్టడానికి ఈ కాగితం ముక్క చాలు.