ఆ పాత్రది ఏ ఊరు?

(ఉత్తరాంధ్ర యువ రచయితలు, విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఈమధ్య మన పిల్లలు రాసిన కథలు నా దగ్గరకి చాలా వస్తున్నాయి. సంతోషమే. కానీ వాటిలో చాలా కథలు ఒకేలా మొదలవుతాయి. 'శ్రీకాకుళం జిల్లాలో ఒక మారుమూల పల్లె' అంటారు. ఆ పల్లెకి పేరుండదు. పక్కన ఏరుందో, గెడ్డ ఉందో, సముద్రముందో తెలీదు. కుర్రాడు నాలుగుసార్లు 'ఏటి' అంటాడు, వాళ్లమ్మ రెండుసార్లు 'ఒలమ్మో' అంటుంది. రెండో పేజీకి కుర్రాడు హైదరాబాద్ రైలెక్కుతాడు. ఆ తర్వాత అతన్ని నెల్లూరు వాడన్నా, నిజామాబాద్ వాడన్నా కథకి నష్టం లేదు. మరి శ్రీకాకుళం ఎందుకు పెట్టినట్టు?

సినిమావాళ్లు చేసిందీ ఇదే కదా. ఎన్నో ఏళ్లుగా మన మాటని పనిమనిషికీ, వాచ్‌మన్‌కీ, దొంగకీ ఇచ్చి హాల్లో నవ్వులు పండించుకున్నారు. తెలంగాణ మాటకీ ఇదే గతి పట్టించారు. అక్కడివాళ్లు గట్టిగా నిలదీశారు కాబట్టి కొంత మారింది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు 1863లో పుట్టింది మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటారు. ఆయన సొంత గడ్డ మీది వాడుక భాష మాత్రం కమెడియన్ల పాలయింది. ఇంటర్వ్యూలో 'ఎల్లిపోనాడు' అన్నందుకు ఎదుటివాళ్లు నవ్వితే, ఆ తర్వాత ఏడాదిపాటు సరిగా నోరు విప్పని కుర్రాణ్ని నేనెరుగుదును. ఆఫీసులో ఒక మాట, ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక మాట మాట్లాడే ఉద్యోగులు ఈ హాల్లోనే సగం మంది ఉంటారు. అలాంటి మనిషిని కథలో పెట్టండి. అతను ఎక్కడ ఏ మాట మింగేస్తాడో చూపించండి. అది వంద 'ఏటి'ల పెట్టు.

యాస వద్దనడం లేదు. దాన్ని మసాలాలా చల్లొద్దంటున్నాను. దానికీ ఒక వ్యాకరణముంది. 'తినీసినాను', 'వచ్చీసినాది', 'అయిపోనాది' అనడంలో ఒక పద్ధతుంది. 'బేగి రా' అన్న తల్లి ఆ పక్క వాక్యంలోనే 'త్వరగా భోంచెయ్యి' అనదు. పైగా అందరిదీ ఒకే మాట కాదు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఒడియా కలుస్తుంది. సీతంపేట కొండల్లో సవర మనిషికి తెలుగు రెండో భాష. అతను సంతలో షావుకారుతో మాట్లాడే తెలుగు వేరు, ఇంట్లో మాట్లాడే సవర వేరు. అతని చేత రైతు యాస మాట్లాడించారంటే సినిమావాడు మనకి చేసిందే మనం అతనికి చేసినట్టు.

పేరు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మనకి ఇంటికో అప్పలనాయుడు, అప్పలస్వామి, సింహాచలం ఎందుకున్నారు? సింహాద్రి అప్పన్న వల్ల. పైడిరాజు, పైడితల్లి అనే పేర్లు ఎందుకున్నాయి? విజయనగరం పైడితల్లి అమ్మవారి వల్ల. అలాగే 'నాయుడు' అని రాసేసి ఊరుకోకండి. చిత్తూరులో నాయుడంటే కమ్మవారు. మన దగ్గర నాయుడంటే వెలమో, తూర్పు కాపో అవుతాడు. ఆ నాయుడికి పదెకరాల పల్లం ఉందా, అరెకరం గరువు ఉందా, పరాయి పొలంలో కంబారిగా ఉన్నాడా? దాన్నిబట్టి ఎవరు ఎవర్ని 'బాబూ' అంటారో, ఎవరు ఎవర్ని 'ఒరే' అంటారో తేలుతుంది. ఒక పాత్ర ఇంకో పాత్రని ఎలా పిలుస్తుందో సరిగ్గా రాస్తే ఊరు సగం కట్టేసినట్టే.

ఇక పని. మన కథల్లో మనుషులు బాధపడతారు గానీ పనిచేయరు. 1980ల నాటి విజయనగరం పల్లె అని రాస్తే అందులో గోగు ఉండాలి. కోసిన గోగు కట్టలు బందలో నానేసి, బెరడు కుళ్లాక మొలలోతు నీళ్లలో నిలబడి నార వొలిచేవారు. ఆ కంపు ఇంటి దాకా వచ్చేది. నార జూట్ మిల్లుకి పోయేది. మిల్లుకి తాళం పడితే మిల్లు కార్మికుడితో పాటు ఊళ్లో నార వొలిచేవాడికీ కూడు పోయేది. ఇవాళ చాలాచోట్ల గోగు పోయి మొక్కజొన్న వచ్చింది. ఈనాటి కథలో తాత బందలో దిగిన సంగతి మనవడికి కథగానే తెలియాలి. పలాస ఆడమనిషిని రాస్తే ఆమె వేళ్లు చూడండి. జీడిపిక్క తొక్కలోని రసం చర్మాన్ని కాల్చి నల్లగా చేస్తుంది. ఉద్దానం రైతుని రాస్తే సంవత్సరం చెప్పండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చింది. దానికి ముందు కొబ్బరి చెట్టు అతనికి పెన్షన్ లాంటిది. తర్వాత? కొత్త మొక్క కాపుకి రావాలంటే అయిదారేళ్లు. ఆ అయిదారేళ్లూ ఆ ఇల్లు ఎలా గడిచిందన్నదే కథ. దానికి తోడు ఆ ఇంట్లో ఒకరికి డయాలసిస్ ఉండొచ్చు. అది ఉద్దానంలో వింతేమీ కాదు.

చోడి అంబలి, అడ్డపొగ, తప్పెటగుళ్లు, సిరిమాను - ఇవన్నీ ఒకే కథలో గుదిగుచ్చేవాళ్లున్నారు. అది కథ కాదు, టూరిజం శాఖ కరపత్రం. చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని కాల్చే ముసలమ్మని చూసి మనూళ్లో ఎవరూ ఆశ్చర్యపోరు. మీ పాత్ర ఆశ్చర్యపోతే ఆ పాత్ర మనది కాదు, దిగుమతి సరుకు.

వలస గురించి ఒక మాట. ఆమదాలవలస, కొత్తవలస - మన ఊళ్ల పేర్లలోనే ఆ మాటుంది. కానీ 'పొట్ట చేతపట్టుకుని పోయాడు' అని రాసేస్తే సరిపోదు. ఎక్కడికి? ఏ మేస్త్రి వెంట? ఎంత అడ్వాన్సు తీసుకుని? 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో ఎందరో మన రెండు జిల్లాల కూలీలు. మన జాలర్లు గుజరాత్‌లోని వెరావల్ దాకా ఎందుకు పోతున్నారు? శ్రీకాకుళం తీరంలో పెద్ద బోట్లు నిలిచే హార్బరు దశాబ్దాల తరబడి లేక. అలా పోయినవాళ్లు 2018 నవంబర్‌లో పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. 2025లో 'తండేల్' సినిమా ఆ ఘటన మీదే అల్లారు. హీరో మన యాస మాట్లాడాడు, నవ్వించడానికి కాదు. అది మంచి మార్పే. అయినా నా కుతూహలం సినిమా అయిపోయాక మొదలవుతుంది. ఆ పద్నాలుగు నెలలూ ఇక్కడ ఇంటికి అప్పెవరిచ్చారు? తిరిగొచ్చినవాడు మళ్లీ వెరావల్ పోయాడా? అవి మీరు రాయాలి.

పెద్దవాళ్లు ఎలా చేశారో చూడండి. గురజాడ 'కన్యాశుల్కం'లో అందరిచేతా ఒకే తెలుగు మాట్లాడించలేదు. గిరీశం మాట వేరు, బుచ్చమ్మ మాట వేరు. చాసో 'కుంకుడాకు'లో ఎండాకులు ఏరుకునే పేదపిల్లని తీసుకున్నాడు. ఆ పిల్ల మీద జాలి చూపించమని మనల్ని బతిమాలడు. కారా మాస్టారి 'యజ్ఞం' సంగతి మీకు తెలుసు. అప్పల్రాముడి అప్పు తగువు చెప్పడానికి ఆయన సుందరపాలెం ఊరు మొత్తాన్ని, అక్కడికొచ్చిన అభివృద్ధిని, అది ఎవరికి లాభించిందో ఎవరిని ముంచిందో వరసగా చెప్పుకుంటూ వస్తారు. కొందరు పాఠకులకి అది విసుగు. నాకు మాత్రం సీతారాముడి చివరి పని నమ్మశక్యమయింది ఆ లెక్కల వల్లే. ఆ లెక్కలు లేకపోతే అది ఒట్టి ఘోరం.

కారా మాస్టారు 2021లో పోయారు. ఆయన 1997లో పెట్టిన కథానిలయం శ్రీకాకుళంలోనే ఉంది. బస్సు దిగి నడిచిపోవచ్చు. మీ కథ ఎవరికైనా పంపే ముందు, అది ఏ ఊరి కథో ఆ ఊరి మనిషికి ఒకసారి చదివి వినిపించండి. ఎక్కడ నవ్వాడో, ఎక్కడ 'అలగనరు బాబూ' అన్నాడో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.