పాస్‌బుక్కు ఎవరి చేతిలో ఉంది?

(జిల్లా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలి ప్రసంగం)



మా సంఘం నివేదికలో సభ్యులందరికీ బ్యాంకు ఖాతాలున్నాయని రాసుకున్నాం, చప్పట్లు కొట్టుకున్నాం. మంచిదే. కానీ నా సంగతి చెప్తాను వినండి.

ఖాతా తెరిచిన రోజున నాకు సెల్లు లేదు. మా అబ్బాయి నంబరిచ్చాను. తర్వాత వాడు కువైట్ వెళ్ళాడు, ఆ సిమ్మూ వాడితోనే వెళ్ళింది. ఇక్కడ నా ఖాతాలో డబ్బు పడితే మెసేజీ అక్కడికి పోతుంది. ఒక ఆదివారం మా ఇంటాయనకి ఆసుపత్రి ఖర్చు పడింది. బ్యాంకు లేదు. ఫోనులో పంపుదామంటే ఓటీపీ వాడికి వెళ్ళింది, వాడేమో డ్యూటీలో ఉన్నాడు. ఖాతాలో నా డబ్బుండగానే, మూడు రూపాయల వడ్డీకి బయట అప్పు తెచ్చాను.

లెక్కలో నేను ఖాతా ఉన్న మనిషినే కదండీ!

ఈ ఇబ్బంది పెద్ద లెక్కలు వేసేవాళ్ళకీ తెలిసింది. బ్యాంకులు ఖాతాల్ని లెక్కపెడితే, మూడు పాస్‌బుక్కులున్నావిడ మూడుసార్లు లెక్కకొస్తుంది. అందుకని ప్రపంచ బ్యాంకు 2011 నుంచి మనుషుల్నే అడిగి లెక్క తీస్తోంది. దాన్ని ఫిండెక్స్ అంటారు. మన దేశంలో వంద మంది ఆడవాళ్ళలో ఖాతా ఉన్నవాళ్ళు 2011లో 26 మంది, 2017కి 77 మంది. మధ్యలో 2014లో జన్‌ధన్ వచ్చింది. అయితే 2017లో ఆడా మగా కలిపి ఖాతా ఉన్నవాళ్ళలో దాదాపు సగం మంది ఏడాదిపాటు దాన్ని ముట్టుకోనేలేదు.

మన రిజర్వు బ్యాంకు కూడా 2021 నుంచి పరీక్ష పేపరులాగా వందకి మార్కులేస్తోంది. సేవ అందుబాటులో ఉంటే 35, దాన్ని వాడుకుంటే 45, నాణ్యతకి 20. చూశారా, వాడకానికే ఎక్కువ మార్కులు! 2017 మార్చికి దేశానికొచ్చినవి 43.4, 2025 మార్చికి 67.

మన లంక గ్రామాల సంగతి చూడండి. మ్యాపులో బ్యాంకు దగ్గరే. మధ్యలో గోదారి పాయ ఉంది. పడవ కోసం ఆగి, రేవు దాటి, ఆటో ఎక్కి వెళ్ళొచ్చేసరికి పూట కూలి పోతుంది. కిలోమీటర్ల లెక్కలో ఆ కూలి కనపడదు. అది మనమే లెక్కేసుకోవాలి.

అందుకని ప్రతి సంఘంలోనూ ఈ అయిదు ప్రశ్నలు అడుగుదాం.

ఒకటి, నీ ఖాతాకి ఎవరి ఫోను నంబరుంది?
రెండు, ఈ మూడు నెలల్లో నీ చేత్తో నువ్వు డబ్బు వేశావా, తీశావా?
మూడు, ఒకసారి బ్యాంకుకెళ్ళొస్తే ఎంత ఖర్చు, ఎంత పొద్దు?
నాలుగు, వేలిముద్ర వేసినప్పుడు రసీదిచ్చారా? ఎంత తీశారో, ఎంత మిగిలిందో చెప్పారా?
అయిదు, రేపు హఠాత్తుగా అయిదు వేలు కావాలంటే ముందు ఎవరి గుమ్మం తొక్కుతావు?

అందరి ముందూ చేతులెత్తించి అడగొద్దు. అత్తగారి పక్కన కోడలు, కోడలి పక్కన అత్తగారు నిజం చెప్పరు. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి.

మొన్న నేను బ్యాంకుకెళ్ళి ఫారం నింపి, నా సెల్లు నంబరు ఎక్కించుకున్నాను. ఆ మాత్రానికి ఇన్నేళ్ళు ఆగాను.

వచ్చే ఏడు నివేదికలో ఎందరికి ఖాతా ఉందో రాశాక, దాని కిందే ఇంకో వరుస రాద్దాం: ఎందరు సొంతంగా వాడుకుంటున్నారో. ఆ అంకె తక్కువొస్తే సిగ్గుపడక్కర్లేదు. మనం ఎవరింటికి వెళ్ళాలో ఆ అంకే చెప్తుంది.

సెలవు.