పూల మొక్కకు కత్తెర, మన లెక్కకు పుస్తకం
(సమాఖ్య వార్షిక మహాసభలో జీవనోపాధుల చర్చ సందర్భంగా ఒక సభ్యురాలు చేసిన ప్రసంగం)



పూల పొదల్ని బోన్సాయ్‌గా పెంచడం గురించి చెప్పమని నన్ను అడిగారు. బోన్సాయ్ జపాను మాట. బోన్ అంటే పళ్లెం లాంటి కుండీ, సాయ్ అంటే నాటడం. మాట కొత్తదే గానీ పని మనకు కొత్త కాదు. గుండుమల్లె తోట ఉన్నవాళ్లు శీతాకాలంలో నీళ్లు ఆపి, పొదను కత్తిరించి, మళ్లీ నీళ్లు పెడతారు. వేసవికి ఆ కొత్త రెమ్మల నిండా మొగ్గలొస్తాయి. కత్తిరిస్తే పూస్తుందని మన అమ్మమ్మలకూ తెలుసు. బోన్సాయ్‌లో అదే పని చిన్న కుండీలో, ఒక ఆకారం మనసులో పెట్టుకుని, ఏళ్ల తరబడి చేస్తాం.

మన కడియం, కడియపులంక వైపు నర్సరీల్లో కూలికి వెళ్లే అక్కలు ఇక్కడ చాలామంది ఉన్నారు. కవరులో మట్టి నింపితే కూలి వస్తుంది. కొమ్మను ఎక్కడ కొయ్యాలో తెలిస్తే ఆ మొక్క ధర మన చేతిలో ఉంటుంది. అందుకే ఈ పని నేర్చుకోమంటున్నాను.

మొదట మొక్క ఎంపిక. బోన్సాయ్‌లో కొమ్మా, ఆకూ చిన్నవవుతాయి గానీ పువ్వు సైజు పెద్దగా తగ్గదు. అరచేయంత మందారం జానెడు మొక్క మీద పూస్తే మొక్కే కనబడదు. కాబట్టి చిన్న పూలవి తీసుకోండి. కాగితప్పూలు, నూరువరహాలు బాగుంటాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు కాగితప్పూల చెట్టే మంచిది. ఎండకు తట్టుకుంటుంది, ఎంత కోసినా చిగురిస్తుంది. మనం పువ్వు అనుకునే ఆ రంగు రేకులు నిజానికి ఆకులే. మధ్యలో ఉండే సన్నటి తెల్లదే అసలు పువ్వు. అందుకే ఆ రంగు అన్ని రోజులు నిలబడుతుంది.

దీనికి డబ్బు పెట్టి పెద్ద మొక్క కొనక్కర్లేదు. గోడ కడుతున్నారనో, ముళ్లు గుచ్చుకుంటున్నాయనో ముదురు కాగితప్పూల పొదల్ని మొదలంటా పీకి పారేస్తుంటారు. ఆ మొదలు అడిగి తెచ్చుకోండి. లావుపాటి మొదలు రావాలంటే మామూలుగా ఎన్నో ఏళ్లు పడుతుంది, అది మనకు ఊరికే దొరికినట్టే. వానలు మొదలయ్యాక కొమ్మలు పొట్టిగా కోసి, చితికిన వేళ్లు తీసేసి, ఇసుక ఎక్కువగా కలిపిన ఎర్రమట్టిలో నాటి నీడలో పెట్టండి. చిగురొచ్చింది కదా అని లాగి చూడొద్దు. దీని వేళ్లు పెళుసు, పుటుక్కున తెగుతాయి. చేతులకు గ్లవుజులు వేసుకోండి.

ఇక కత్తిరింపు. ముందు ఎండినవి, తర్వాత ఒకదాన్నొకటి రాసుకునేవి, ఆ తర్వాత లోపలికి తిరిగినవి తీసేయాలి. మిగిలిన వాటిలో కింద లావు కొమ్మ, పైకి పోయేకొద్దీ సన్న కొమ్మ ఉండేలా చూసుకోవాలి. మర్రిచెట్టును దూరం నుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా. పొడుగ్గా సాగిన రెమ్మను రెండు మూడు కణుపులు ఉంచి కొయ్యండి. ఏ కణుపు మీద కోస్తే చిగురు ఆ కణుపు చూసే వైపే పోతుంది. బయటికి చూసే కణుపు మీద కోస్తే చెట్టు విచ్చుకుంటుంది. కత్తెరకు పదును ఉండాలి, నలిగితే కుళ్లు పడుతుంది. పెద్ద గాయమైతే బోర్డో పేస్టు పూయండి.

కాగితప్పూలు కొత్త రెమ్మ మీదే పూస్తాయి. కాబట్టి పూత అయిపోగానే కొయ్యాలి, కొత్త రెమ్మలు వచ్చి ముదిరేదాకా కత్తెర దూరంగా పెట్టాలి. ప్రతి వారం కొసలు గిల్లుతూ ఉంటే ఆకారం వస్తుంది, పూలు రావు. రెమ్మలు ముదిరాక నీళ్లు కొంచెం తగ్గించి, ఆకు వాలబోతుండగా పోస్తే మొగ్గ వేస్తుంది. యూరియా వేస్తే ఆకే వస్తుంది. మే నెల ఎండలో మాత్రం లోతులేని కుండీ ఒక్క పూటలో ఆరిపోతుంది. అప్పుడు పూల కంటే ప్రాణం ముఖ్యం, రోజుకు రెండు పూటలా చూడండి.

కొమ్మ వంచడానికి అల్యూమినియం తీగ చుడతాం. ముదిరిన కొమ్మ విరుగుతుంది కాబట్టి ఆకుపచ్చ నుంచి గోధుమ రంగుకు తిరుగుతున్న రెమ్మనే వంచాలి. మన వేడికి కొమ్మ త్వరగా లావెక్కుతుంది. తీగ బెరడులోకి దిగకముందే కత్తిరించి తీయండి. చుట్టి విప్పబోతే కొమ్మే పోతుంది.

అడీనియం పెంచేవాళ్లకు ఒక మాట. అది గన్నేరు కుటుంబం, దాని పాలు విషం. కోసిన చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లల్నీ మేకల్నీ దూరంగా ఉంచండి. కోసిన చోటు ఆరేదాకా తడి తగలనివ్వకండి.

ఇప్పుడు అసలు సంగతి, డబ్బు. బోన్సాయ్‌కి వేలల్లో ధర వస్తుందని విని అప్పు తీసుకుందామని కొందరు అనుకుంటున్నారు. అక్కా, అప్పు వాయిదా వచ్చే నెల నుంచే మొదలవుతుంది. మొక్క చేతికి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఈ రెండింటికీ పొంతన లేదు. మధ్యలో కట్టేది మీ పిల్లల ఫీజు డబ్బులోంచే అవుతుంది. కాబట్టి కోసిన కొమ్మల్ని పారేయకుండా అంట్లుగా నాటండి. వేరు పట్టిన మొక్కలు అమ్ముకుంటే కుండీల ఖర్చు వస్తుంది. ఇరవై మొక్కలు పెంచితే పదిహేను చిన్నవిగానే అమ్మేసి, మొదలు బాగున్న ఐదు మాత్రం ఉంచుకోండి. “మొక్కలు మా దగ్గర కొనండి, పెరిగాక మేమే తీసుకుంటాం” అని ఎవరైనా వస్తే కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టనంటే మన పొదుపు డబ్బు కదలకూడదు.

పంచసూత్రాల్లో పుస్తక నిర్వహణ ఉంది కదా, మొక్కకూ అలాగే ఒక పేజీ పెట్టండి. కోసిన తేదీ, పూసిన తేదీ, కుండీ ఖర్చు, మట్టి ఖర్చు రాయండి. రెండు పూతలు రాసుకున్నారంటే మీ పెరట్లో కోసిన ఎన్ని వారాలకు పూస్తుందో మీకే తెలుస్తుంది. అప్పుడు సంక్రాంతికి పూలు కావాలంటే ఎప్పుడు కొయ్యాలో వెనక్కి లెక్కేసుకోవచ్చు. పూలతో ఉన్న మొక్కకూ, ఉత్త ఆకులతో ఉన్న మొక్కకూ ధరలో ఎంత తేడానో అమ్మేవాళ్లకు చెప్పక్కర్లేదు.

కొనేవాళ్లకు నిజం చెప్పండి. పూల బోన్సాయ్ హాల్లో టీవీ పక్కన బతకదు, ఎండ కావాలి. ఎప్పుడు నీళ్లు పోయాలో చీటీ రాసి ఇవ్వండి. మొక్క బతికితే ఆ మనిషే ఇంకొకరిని తీసుకొస్తారు. కొందరు బోన్సాయ్ ఇంటికి మంచిది కాదంటారు. వాళ్లతో వాదన పెట్టుకోకండి, కుండీలో మామూలు మొక్క ఇవ్వండి.

చివరగా సమాఖ్యకు ఒక మనవి. మంచి కత్తెర, తీగ కోసే కట్టరు ఒక్కో సభ్యురాలు కొనడం కష్టం. గ్రామ సంఘానికి ఒక సెట్టు ఇప్పిస్తే వంతుల వారీగా వాడుకుంటాం. ఈ తీర్మానం ఈ రోజే రాయాలని కోరుతున్నాను.