జమిడిక మ్రోతయు రోగి సేవయు

(పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



నేడు నేను ప్రసంగింపదలచినది అమ్మవారి కొలువులో మ్రోగు వాద్యములను గూర్చి. పాఠశాల ఉత్సవమున ఈ విషయమేల యని కొందరికి తోచవచ్చును. మన బిడ్డలు తరగతిలో విజ్ఞానశాస్త్రము చదువుచున్నారు. బోనాల దినములలో చాళ్ళ ముంగిట డప్పు వినుచున్నారు. ఈ రెంటిలో దేనిని నమ్మవలెనని వారడిగినపుడు మనము తడబడరాదు.

కామాఠీపుర యను పేరే మన పెద్దల చెమటకు గుర్తు. నిజాము రాజ్యమునుండి వచ్చి ఈ నగర నిర్మాణమున పాటుపడిన కామాఠీల పేరే ఆ పేటకు నిలిచినది. తెలంగాణ పల్లెలనుండి వచ్చినవారు పోచమ్మను, ఎల్లమ్మను, మైసమ్మను మరువలేదు. ఆ దేవతల కొలువు వాద్యము లేనిదే సాగదు.

ఎల్లమ్మ కథ చెప్పు బైండ్లవారి చేతిలోనిది జమిడిక. గుండ్రని గొట్టమునకు ఒకవైపు చర్మము మూసి, దాని నడుమనుండి నరపు తీగను లాగి కట్టుదురు. తీగను బిగించుచు, వదలుచు పుల్లతో మీటినపుడు స్వరము హెచ్చుచు తగ్గుచు, మనిషి మూలిగినట్లును పలికినట్లును వినబడును. ఉత్తరాంధ్రమున దీని తోబుట్టువును జముకు అందురు. డప్పు వేరు. చెక్క చట్రమునకు తోలు బిగించి, కుడిచేత చిర్రతోను, ఎడమచేత చిటికెన పుల్లతోను వాయింతురు. వాయించుటకు ముందు మంటపై కాచుదురు. తేమకు సడలిన తోలు ఆ వేడికి బిగిసి మ్రోగును. వానకాలపు ముంబయిలో ఈ కాపుడు మాటిమాటికి కావలసివచ్చును. అందువలననే నేడు ప్లాస్టిక్ పొర బిగించిన డప్పులు కూడ వచ్చినవి.

వాద్యముతో దేవతను పిలుచుట మన ఒక్కరి ఆచారమే కాదు. నేపాళమున ఝాంక్రీ యనువాడు ఢ్యాంగ్రో యను రెండు ముఖముల పిడిగల వాద్యమును వంకర బెత్తముతో వాయించి, రోగమునకు కారణమేమని దేవతలనడుగును. కుమావూ కొండలలో జాగర్ జరుగు రాత్రి జాగరియా హుడుకా వాయించుచు దేవత కథ పాడును. వేరొకరికి పూనకము వచ్చును. ఇంటివారు తమ కష్టమును ఆ దేవతకు చెప్పుకొందురు. హిమాలయములకును మన తెలంగాణమునకును ఎంతో దూరము. అయినను రోగి ప్రక్కన నిలిచిన మానవుడు రెండు చోట్లను ఒకే పని చేసెను. తన భయమునకు ఒక పేరు పెట్టి, దానిని నలుగురి నడుమకు తెచ్చెను.

మన పెద్దలు మశూచిని రోగమనలేదు, “అమ్మవారు” అనిరి. గుమ్మమునకు వేపమండలు కట్టి, పరులను లోనికి రానీయక, రోగిని చల్లగా చూచుకొనిరి. ఇందు సేవ కలదు, కొంత వివేకము కలదు. కాని మశూచి ఆ మ్రోతకు తొలగలేదు. దానిని తొలగించినది టీకా. భారతదేశమున మొట్టమొదటి మశూచి టీకా 1802 జూన్ 14న ఈ బొంబాయిలోనే ఆన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల బాలికకు వేయబడెను. మన దేశమున చివరి మశూచి 1975లో కనబడెను; 1980లో ప్రపంచమంతయు దానినుండి విముక్తమైనదని ప్రకటించిరి. 1896లో ఈ నగరమున ప్లేగు చెలరేగినపుడు, కామాఠీపురకు దాపుననున్న బైకుల్లాలోని గ్రాంట్ వైద్య కళాశాలలో హాఫ్కిన్ పండితుడు టీకా తయారుచేసి, 1897 జనవరి 10న ముందుగా తన శరీరముననే పరీక్షించుకొనెను. ఈ చరిత్ర మన గడపలకు ఇంత చేరువలో జరిగినదని బిడ్డలకు చెప్పుట మన విధి.

మశూచి పోయినది, తట్టు పోలేదు. 2022లో ఇదే నగరమున తట్టు ప్రబలి పసిబిడ్డలు మరణించిరి. తట్టును “అమ్మవారు” అని తలచి ఇంటనుంచుకొనుట నేడు తగదు. తొమ్మిది నెలలు నిండగానే మొదటి టీకాయు, పదునారు నెలల తరువాత రెండవదియు వేయింపవలెను. జ్వరము వచ్చిన బిడ్డను ముందు ఆస్పత్రికి గొనిపోవుడు. మ్రొక్కు తరువాత తీర్చుకొనవచ్చును. ఏ తల్లియు బిడ్డ ఆలస్యమున చనిపోవలెనని కోరదు.

అట్లయిన వాద్యమేల? మందు శరీరమునకు, కాని పది అడుగుల గదిలో రాత్రియంతయు మేల్కొనియున్న తల్లికి నీవు ఒంటరిదానవు కావని చెప్పువారెవరు? బిడ్డ కోలుకొన్న పిదప బోనమెత్తుకొని ఆమె నడచుచుండగా ముందు మ్రోగు డప్పు ఆ మాట చెప్పుచున్నది. ఈ పనిని వైద్యుడు చేయజాలడు. వైద్యుని పనిని డప్పు చేయజాలదు.

ఇంకొక మాట. అమ్మవారి ముందు మొదట నిలుచునది డప్పు. దానిని కట్టి వాయించిన మాదిగలను మాత్రము మన సమాజము తరతరములు గుడి వెలుపల నిలిపినది. వాద్యము పవిత్రమై దానిని వాయించు చేయి అపవిత్రమగుట ఎట్లు? ఈ పాఠశాలలో ఒకే బల్లపై కూర్చుండు బిడ్డలకు మనము ఈ అన్యాయమును వారసత్వముగా ఈయరాదు.

జమిడికపై పాడు ఎల్లమ్మ కథ తెలుగు కథ. వీథిలో మరాఠీ, హిందీ, తరగతిలో ఆంగ్లము వినుచున్న మన పిల్లలకు ఆ కథలోని మాటలు నానాటికి దూరమగుచున్నవి. అర్థము తెలియని మ్రోత వట్టి సద్దగును; బిడ్డ దానికి భయపడును, లేదా నవ్వును. కావున తలిదండ్రులారా, ఈ ఏడు బోనాలలో వారిని వాద్యకారుల చెంతకు గొనిపోయి, చిర్ర యేదో, చిటికెన పుల్ల యేదో చూపుడు. తోలును మంటపై ఏల కాచుదురో వారినే అడుగనిండు. పాటలోని మాటలకు ఇంట అర్థము చెప్పుడు. అదే దినమున వారి టీకా చీటీని కూడ ఒకసారి తీసి చూడుడు.