క్రతువు ఎవరిని కలుపుతుంది?



మత క్రతువులను కాగ్నిటివ్ సైన్స్ ఎలా అర్థం చేసుకుంటోందన్న అంశం మీద నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. "అదంతా మూఢనమ్మకమే కదా, పరిశోధించడానికి ఏముంది?" అని మన మిత్రులే అడుగుతుంటారు. ఈ రోజు ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

స్పెయిన్‌లో శాన్ పెడ్రో మన్రికే అనే చిన్న ఊరుంది. ఏటా జూన్ 23 రాత్రి అక్కడివాళ్లు ఒక మనిషిని వీపున మోసుకుని నిప్పుల మీద నడుస్తారు. ఒక పరిశోధక బృందం వాళ్ల గుండె వేగాన్ని కొలిచి, 2011లో ఫలితాలు ప్రచురించింది. నిప్పుల మీద నడిచేవారి గుండె వేగంలోని హెచ్చుతగ్గులే, కూర్చుని చూస్తున్న వారి బంధుమిత్రుల్లోనూ కనిపించాయి. సంబంధం లేని ప్రేక్షకుల్లో కనిపించలేదు.

ఈ పరిశోధనను సాధారణంగా "క్రతువు మనుషులను కలుపుతుంది" అనడానికి ఉదాహరిస్తారు. నాకు ముఖ్యమైనది ఆ చివరి వాక్యం. ఎవరు మనవాళ్లు, ఎవరు కారు అన్నది క్రతువుకు ముందే తేలిపోయి ఉంటుంది. మన ఊళ్లలో దాన్ని తేల్చేది కులం. జాతరలో ఊరంతా అడుగులు వేసేది మాదిగల డప్పు దరువుకే. అయినా ఆ డప్పు కొట్టిన చేతులను గుడి గడప దాటనివ్వని ఊళ్లు ఎన్నో.

రెండో విషయం అసహ్యం. మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్ బృందం చేసిన ప్రయోగంలో, పూర్తిగా శుద్ధి చేసిన చచ్చిన బొద్దింకను ముంచి తీసిన పండ్లరసాన్ని కూడా జనం తాగడానికి ఇష్టపడలేదు. రోగాల నుంచి కాపాడుకోవడానికి పరిణామక్రమంలో ఏర్పడిన జాగ్రత్త ఇది అంటారు. అయితే అంటరానితనం కూడా సహజమేనా?

మహాడ్ చూడండి. 1927 మార్చి 20న బాబాసాహెబ్, ఆయన వెంట వేల మంది చవదార్ చెరువు నీళ్లు తాగారు. తర్వాత సవర్ణులు పేడ, గోమూత్రం కలిపిన కుండలు పోసి ఆ చెరువును 'శుద్ధి' చేశారు. పశువులు తాగితే మైలపడని నీళ్లు మనుషులు తాగితే మైలపడ్డాయి! రోగభయంతో దీన్ని వివరించలేం. అసహ్యపడే గుణం పుట్టుకతో రావచ్చు. ఎవరిని చూసి అసహ్యపడాలో నేర్పింది ధర్మశాస్త్రాలు. అందుకే అదే ఏడాది డిసెంబర్ 25న మహాడ్‌లోనే మనుస్మృతిని తగలబెట్టారు.

బాబాసాహెబ్ పుస్తకాలు రాసి ఊరుకోలేదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో తాను ముందు దీక్ష తీసుకుని, తర్వాత లక్షల మంది చేత 22 ప్రతిజ్ఞలు చేయించారు. తెల్లబట్టలు, ఒకే గొంతుగా పలికిన మాటలు - క్రతువుకు ఉండే బలమంతా అక్కడ ఉంది. కానీ అందులో చేరడానికి పుట్టుక అడ్డు కాలేదు. మనుషులంతా సమానమన్న నమ్మకం ఆ ప్రతిజ్ఞల్లోనే ఒకటి.

పరిశోధక మిత్రులకు ఒక్క మాట. "క్రతువు సమూహాన్ని ఐక్యం చేస్తుంది" అన్న వాక్యం ఏ పేపర్లో కనిపించినా, ఆ సమూహంలో ఎవరిని లెక్కించారో, ఎవరిని వదిలేశారో అడగండి. మన దేశంలో ఆ ప్రశ్న వేయకుండా ఈ శాస్త్రం ముందుకు పోదు.

జై భీమ్.